ఎండినదీ, మాగినదీ

తెలుగులో ఎరువు అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి, చేనికి బలంకోసం వేసేది. రెండవది, మరల ఇచ్చివేస్తామన్న మాటమీద పొరుగింటినుండి తెచ్చుకొనేది. అప్పు వేరు, బదులు వేరు, ఎరువు వేరు. సోలెడు బియ్యం బదులు తెచ్చుకొంటే వేరే సోలెడు బియ్యం ఇచ్చి చెల్లువేయవచ్చు. ఎరువు అట్లా కుదరదు. పెళ్ళిలో పెట్టుకోవడానికి ఎరువు తెచ్చిన కాసులపేరును, ఆ కాసులపేరునే, తిరిగి ఇచ్చిరావాలి. ఎరువు సొమ్ము బరువు చేటన్న సామెత ఈ అర్థంలో పుట్టినదే. ఈ రెండర్థాలకూ చుట్టరికమున్నదని నేను వాదించబోవడంలేదు. పోలికను చూసి వ్యుత్పత్తి కల్పించడం మా పండితవర్గానికున్న పాత జాడ్యం. అయినా ముప్పైమూడేళ్ళ ఉద్యోగంలో నానార్థాల పాఠం వచ్చినప్పుడల్లా, చమత్కారానికి, ఈ మాటదగ్గర ఒక నిమిషం ఆగేవాణ్ణి. "పొలంనుండి తెచ్చుకొన్నది పొలానికే ఇచ్చిరావాలి కదర్రా, అందుకని రెండింటికీ ఒకే మాట సరిపోయింది" అంటే కృష్ణా డెల్టా పిల్లలు మారుమాట లేకుండా తలలూపేవారు. వాళ్ళ ఇళ్ళముందు పెంటకుప్పలుండేవి. వేరే వ్యాఖ్యానం అవసరపడేది కాదు.

ఇప్పుడు నా ఇంటిముందు పెంటకుప్ప లేదు. పదవీవిరమణ తరువాత హైదరాబాదు చేరి నాలుగవ అంతస్తులో రెండు పడకగదుల వాటాలో కాపురముంటున్నాము. పెంటకుప్పకు మారుగా వంటింటి గుమ్మం పక్కన బల్లమీద ఒక తెల్లని పెట్టె వచ్చి కూర్చున్నది. దానికి కరెంటు తోక. డల్లాసులో ఉన్న మా అమ్మాయి అక్కడినుండే డబ్బుకట్టి ఇక్కడికి తెప్పించింది. "అమ్మ ఆ మోకాళ్ళతో చెత్తబుట్ట పట్టుకొని లిఫ్టుకోసం నిలబడనక్కరలేదు నాన్నా. రాత్రి వేస్తే తెల్లారేసరికి ఎరువైపోతుంది" అన్నది ఫోనులో. తెల్లారేసరికి ఎరువు! పెంటకుప్ప ఎరువు కావడానికి నెలలకొద్దీ కాచుకొన్న వంశంలో పుట్టినవాడికి ఈ మాట ఇంద్రజాలంగా తోచింది. ఏడాదికి పైబడి ఆ ఇంద్రజాలాన్ని దగ్గరగా చూశాను గనుక నాలుగు మాటలు చెప్పే అర్హత వచ్చిందనుకొంటున్నాను.

ముందు పెట్టె సంగతి. ఎత్తులోనూ లావులోనూ పాతకాలపు బియ్యపు డబ్బా అంత. మూత తీస్తే లోపల బాల్చీవంటి ఒక గిన్నె. అడుగున గ్రైండరులో ఉన్నట్లు తిరిగే మొద్దుబారిన రెక్కలు. వెనుకవైపు బొగ్గు నింపిన డబ్బా ఒకటి. లోపలినుండి వచ్చే ఆవిరి ఆ బొగ్గుగుండా పోయి వాసన వదలుకొని బయటికి రావాలన్నమాట. మీట ఒక్కటే. నొక్కితే గిన్నె వేడెక్కుతుంది, రెక్కలు తిరుగుతాయి, ఐదారు గంటలకు ఆగిపోతుంది. మూత తీసి చూస్తే ముదురు గోధుమరంగు పొడి, ముక్కుపొడుమంత మెత్తగా కాదుగాని కాఫీపొడిలో మొరుమువలె.

మా ఆవిడ మొదట దీనిని గడప దాటనివ్వలేదు. ఆమె ఆక్షేపణ పూర్వాచారసమ్మతమైనదే. ఎంగిలిని ఉడకబెట్టే పొయ్యి వంటింటి గోడకు ఆనుకొని ఉండడమేమిటని. నిజమే, ఎంగిలి చేయి కడుక్కోకుండా నీళ్ళబిందె ముట్టనివ్వని ఇంట్లో, కంచంలో మిగిలిన దానికి రాత్రంతా పాకం పడుతూండడం విడ్డూరమే. ఇద్దరం కలిసి ఒక ధర్మసూత్రం ఏర్పరచుకొన్నాము. పచ్చివి మాత్రమే, అనగా తరిగేటప్పుడు మిగిలిన తొక్కలు, తొడిమలు, కాడలు మాత్రమే, దీనిలోకి పోతాయి. కంచంలో మిగిలినది దీనిలోకి పోదు. అసలు కంచంలో మిగలరాదు. ఈ సూత్రం ఆచారంకోసం పుట్టినా, తరువాత శాస్త్రంకూడా దీనికే ఓటు వేసింది. మన వంటలో ఉప్పు జాస్తి, నూనె జాస్తి. పులుసు, పచ్చడి, తాలింపు మిగులు ఎండబెడితే నీరు పోతుందిగాని ఉప్పు ఎక్కడికీ పోదు, పొడిలో చిక్కబడుతుంది. ఆ పొడి కుండీలో వేస్తే మొక్క వేళ్ళకు చేటు.

పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకం మన వంటిల్లు ఎరుగనివాడు రాసినది. ఎముకలు వేయవద్దు, రేగుపండ్లవంటివాటి గింజలు వేయవద్దు, చక్కెర మోతాదు మించనివ్వవద్దు అని ఉన్నది, బాగు. మునక్కాడ నమిలి ఉమిసిన పిప్పి ఏమి చేయాలో లేదు. ఆ పీచు రెక్కలకు చుట్టుకొని అవి మూలుగుతూ ఆగిపోతాయని మేమే తెలుసుకొన్నాము. చింతపండు పిప్పి జిగురుగా గిన్నె అడుగున అంటి మాడుతుంది. మామిడిటెంక సంగతి సరేసరి. అరటితొక్కలు, బీరచెక్కు, కొత్తిమీర కాడలు, కాఫీ పిప్పి, సొరకాయ గుజ్జు, కరివేపాకు ఈనెలు మాత్రం దీనికి ప్రీతి. వాసన మొదటి నాలుగు నెలలు లేదు. తరువాత బొగ్గు అలసిపోయి, నడిరాత్రి ఇంటినిండా ఉడికిన క్యాబేజీ వాసన. బొగ్గు మార్చడం ఆవర్తనంగా వచ్చే ఖర్చు అని అప్పుడు తెలిసింది. ఆ సంగతి అమ్మేటప్పుడు మెల్లగా చెబుతారు.

ఉపాధ్యాయుడి బుద్ధి గనుక తూకం వేయకుండా ఉండలేకపోయాను. ఒక రాత్రి 1200 గ్రాముల తొక్కలు వేస్తే తెల్లారి 190 గ్రాముల పొడి వచ్చింది. గోడ ప్లగ్గుకు తగిలించే చిన్న మీటరు పెట్టి చూస్తే ఆ రాత్రి ఖర్చయిన కరెంటు తొమ్మిది పాళ్ళు, అంటే 0.9 యూనిట్టు. ఈ లెక్కలో యంత్రం తప్పు ఏమీ లేదు. కూరగాయ తొక్కల్లో నూటికి ఎనభై పాళ్ళకు పైగా నీరే. కిలో నీటిని గది వేడినుండి ఆవిరిదాకా తీసుకొనిపోవడానికి ఎంత నేర్పుగల యంత్రమైనా ఇంచుమించు 0.7 యూనిట్టు ఖర్చుపెట్టక తప్పదు. అది నీటి స్వభావం. ఎనభైఐదు పాళ్ళు తగ్గిపోయిందని సంతోషించేవారు తగ్గినది చెత్త కాదనీ, నీరనీ గుర్తుంచుకొంటే చాలు.

ఇక్కడే నాకు మాటతో పేచీ వచ్చింది.

నీరు తీసి దాచిన కూరగాయకు మన భాషలో పేరున్నది. ఒరుగు. వేసవిలో వంకాయ ఒరుగులు, మామిడి ఒరుగులు డాబామీద చాపలు పరచి ఎండబెట్టిన ఇళ్ళు మనవి. ఒరుగు చెడిపోదు. ఎందుకు చెడిపోదు? చెడగొట్టే సూక్ష్మజీవికి నీరు దొరకదు గనుక. అందుకే ఏడాది నిలువ ఉంటుంది. మరల నీళ్ళలో వేస్తే మరల కూరగాయవుతుంది. నా తెల్లపెట్టె చేసేది అక్షరాలా ఈ పనే. అది తొక్కలను ఒరుగులు పెట్టి దంచుతున్నది. ఎరువుకు కావలసినది దీనికి సరిగ్గా విరుద్ధం. అక్కడ సూక్ష్మజీవి బ్రతకాలి, తినాలి, పెరగాలి; దానికి తడి ఉండాలి, గాలి ఉండాలి. ఇక్కడ వేడికి అది చావడమో, తడిలేక మూర్ఛపోవడమో జరుగుతున్నది.

కంపోస్టు అనే మాట పుట్టుక చూడండి. లాటిను మూలానికి కలిపి పెట్టినది, కూర్చినది అని అర్థం. కావ్యం కూర్చడానికి, సంగీతం కూర్చడానికి ఇంగ్లీషువారు వాడే మాట దీని తోబుట్టువే. ఎంత చక్కని పేరు! ఎరువు నిజంగా కూర్పే. పచ్చితొక్కల్లో నత్రజని మెండు, ఎండుటాకుల్లో, ఊకలో, కొబ్బరిపొట్టులో కర్బనం మెండు. మొత్తంమీద నత్రజని ఒక పాలుంటే కర్బనం ఇరవైఐదు ముప్పై పాళ్ళుండేటట్లు కూర్చి, పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉంచి, గాలి ఆడనిస్తే, తక్కిన పని అదే చేసుకొంటుంది. యంత్రం కలపదు, తీసివేస్తుంది. కూర్పు కాదు, తీసివేత. లెక్కల మాష్టారు విన్నా ఒప్పుకొంటాడు.

మా ఊళ్ళో మా నాయనమ్మకు నత్రజని పేరు తెలియదు. దొడ్డి ఊడ్చిన కసువు, బర్రెల కొట్టంలోని పేడ, అవి తొక్కి వదిలిన గడ్డి, పొయ్యిలోని బూడిద ఒకదానిపై ఒకటి ఎక్కడ పడాలో ఆమెకు తెలుసు. మెతుకు, గంజి, బియ్యం కడిగిన నీళ్ళు కుడితిగోలేనికి పోయేవి. అవి గొడ్డు తిని పేడ రూపంలో మరల కుప్పకే చేరేవి. ధనుర్మాసపు తెల్లవారుజామున పెంటకుప్పమీదినుండి ఆవిరి లేవడం మీలో పల్లెలనుండి వచ్చినవారందరూ చూసే ఉంటారు. ఆ వేడి ఎవరూ వెలిగించినది కాదు. కంటికి కనబడని జీవులు తింటూ, ఊపిరి తీస్తూ పుట్టించిన వేడి. బాగా కూర్చిన కుప్ప నడుమ 55 నుండి 65 డిగ్రీలదాకా పోతుంది. కలుపుగింజలు, రోగపు క్రిములు ఆ వేడికే చస్తాయి. నా పెట్టె అంతకంటే ఎక్కువ వేడిని పుట్టిస్తుందిగాని మీటరు తిప్పి పుట్టిస్తుంది.

ఆల్బర్టు హోవర్డు అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త 1924 నుండి 1931 దాకా ఇండోరులో పనిచేసి, యశ్వంత్ వాడ్ అనే సహోద్యోగితో కలిసి ఎరువు తయారీకి ఒక పద్ధతి ఏర్పరచాడు. 1931లో వారిద్దరి పేర్లతో పుస్తకం వచ్చింది. నేటికీ దానిని ఇండోరు పద్ధతి అనే అంటారు. ఇక్కడి రైతులూ, పైరుకు పట్టిన చీడలే తన ఆచార్యులని చెప్పుకొన్న మనిషి హోవర్డు. ఇండోరు పద్ధతిలో పొరలు వేయడం, తడపడం, కొన్ని వారాలకొకసారి తిరగవేయడం ఉంటుంది. ఎరువు చేతికి రావడానికి మూడు నెలలు. శాస్త్రవేత్త వచ్చి మా నాయనమ్మ కాలాన్ని సగం చేయగలిగాడు. రాత్రికి తగ్గించలేదు.

నా మాట నమ్మనక్కరలేదు, మెంతులనే అడుగుదామనుకొన్నాను. మూడు కుండీలు తీసుకొన్నాను. మొదటిదానిలో వట్టి ఎర్రమట్టి. రెండవదానిలో నాలుగు పాళ్ళ మట్టికి ఒక పాలు పెట్టెలోని పొడి, విత్తనాలు చల్లేనాడే కలిపినది. మూడవదానిలోనూ అదే మట్టి, అదే పొడి, అదే పాలు. కాని ఐదు వారాల ముందే కలిపి, తడిపి, పాత బాల్చీలో గోనెపట్టా కప్పి, వారానికొకసారి తిరగవేసినది. మూడింటిలోనూ ఒకేరోజు మెంతులు చల్లాను.

రెండవ కుండీలో మూడవనాటికి దూదివంటి తెల్లని బూజు లేచింది. నీళ్ళు పోయగానే పొడి ఉబ్బి, పులిసిన పిండి వాసన. ఎక్కడినుండి వచ్చాయో చిన్న చిన్న ఈగలు. అన్నాళ్ళు మూర్ఛలో ఉన్న ఒరుగు నీరు తగలగానే లేచి, తిరిగి చెత్తగా మారి, అప్పుడు కుళ్ళడం మొదలుపెట్టింది. ఆ తొందరలో సూక్ష్మజీవులు మట్టిలోని ప్రాణవాయువునూ, ఉన్న కాస్త నత్రజనినీ తామే లాక్కొంటాయి; లేత వేరు పస్తుంటుంది. చల్లినవాటిలో పావు వంతు మొలిచాయి, అవీ పసుపుపచ్చగా. మొదటి కుండీలో మెంతికూర మధ్యస్థంగా పెరిగింది. మూడవదానిలో ఆకు మందంగా, నల్లని పచ్చదనంతో వచ్చింది. ఆ వారం పప్పులోకి అదే. బాల్చీలో గడచిన ఐదు వారాలకు కరెంటు ఖర్చు లేదు. పెట్టెలో గడచిన ఆరు గంటలకు ఉన్నది.

పెట్టె తయారుచేసినవారి పుస్తకంలోనూ చివరి పుటలో ఈ సంగతి ఉన్నది: పొడిని మట్టిలో కలిపి కొన్ని వారాలు ఉంచి వాడవలసిందని. మొదటి పుటలో, అట్టమీద, ప్రకటనలో మాత్రం ఎరువు సిద్ధమని ఉన్నది. ఫలశ్రుతి పెద్దక్షరాల్లో, నియమాలు చిన్నక్షరాల్లో. మన వ్రతకల్పాలుకూడా ఇంతే లెండి. ఒకమాట చెప్పాలి. అన్ని పెట్టెలూ ఇటువంటివి కావు. గోరువెచ్చని వేడిలో సూక్ష్మజీవులను బ్రతికించి ఉంచి, రోజూ కొంచెం కొంచెం వేస్తూ, నెలకొకసారి తీసుకొనే రకమూ ఉన్నది. అది కొంతవరకు మాగబెడుతుంది. కొనేవారు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: దీనిలో ఏదైనా బ్రతికి ఉంటుందా?

నేను ఇన్ని పుటలు చదివి, ఇన్ని కుండీలు పెట్టి తెలుసుకొన్నదానిని ఒక్క వాసనతో తేల్చిన మనిషిని గురించి చెప్పాలి. మా వీధికి చెత్తబండి తీసుకొనివచ్చే ఆమె నల్లగొండవైపు పల్లెనుండి వచ్చి నగరంలో పాతికేళ్ళుగా ఉంటున్నది. ఒకనాడు తడిచెత్త ఎందుకు రావడంలేదని అడిగింది. పొడి తెచ్చి చూపించాను.

"గిదేంది సారూ, చాయ్‌పత్తా?"

కాదు, ఎరువంటున్నారు అన్నాను. చిటికెడు తీసి నలిపి వాసన చూసింది.

"ఎండింది గానీ మాగలే సారూ. పెంటంటే మాగాలె. ఊకె ఎండితే ఎట్లయితది?"

మాగడం! ఎంత సరియైన మాట! కాయ గడ్డిలో మాగుతుంది, పొగాకు మండెలో మాగుతుంది, పెంట కుప్పలో మాగుతుంది. ఎండడంలో వస్తువునుండి ఏదో పోతుంది. మాగడంలో వస్తువే మరొకటవుతుంది. తెలుగు పండితుణ్ణి నేను, మాట అందించినది ఆమె.

ఆమె చేతిని అప్పుడు గమనించాను. అరచేతిలో అడ్డంగా మాననిది ఒకటి. అంతకు ముందటి నెలలో మా భవనంలోనే ఎవరో పగిలిన పచ్చడి సీసాను అన్నం మెతుకులతో కలిపి సంచీలో కట్టి పడవేశారట. ఐదు కుట్లు. కుట్లు వేయించుకొన్న మరునాడు బండి తోసుకొని వచ్చింది. రాకపోతే ఆనాటి కూలి లేదు. 2015లో హైదరాబాదులో ఇంటింటికీ పచ్చబుట్ట, నీలంబుట్ట పంచారు, తడికొకటి, పొడికొకటి. 2016లో కేంద్రప్రభుత్వపు నియమాలు తడి, పొడి, ప్రమాదకరమైనవి అని మూడుగా వేరుచేసి ఇమ్మన్నాయి. మా భవనంలో చాలా ఇళ్ళలో పచ్చబుట్టలో ఉల్లిపాయలు, నీలంబుట్టలో పిల్లల ఆటవస్తువులు ఉన్నాయి. వేరుచేసే పని ఆమె చేతులకు మిగిలింది. ఆమె బండిలోనిది ఆటోలోకి, ఆటోలోనిది లారీలోకి, లారీలోనిది శివార్లలోని గుట్టమీదికి. అక్కడ గాలి ఆడని అడుగుపొరల్లో మన మెతుకులు కుళ్ళి మీథేను వాయువవుతాయి. వందేళ్ళ లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకు ఇరవైఏడు ఇరవైఎనిమిది రెట్లు ఘనమైనది.

ఈ దశలో మా భవన సంఘంవారు సమావేశం పెట్టారు. ముప్పై వాటాలకూ కలిపి పెద్ద యంత్రం ఒకటి కొందామని ప్రతిపాదన. అమ్మే అతను వచ్చి తెరమీద బొమ్మలు వేసి చూపించాడు. 24 గంటల్లో ఎరువట. ఖరీదు లక్షల్లో. దానికంటే నన్ను కలవరపెట్టినది ఒక యువకుని మాట: "అంకుల్, మెషీన్ వచ్చేస్తే ఇక మనం సెగ్రిగేట్ చేయనక్కరలేదు కదా!" యంత్రంలోకి పచ్చడి సీసా పోతే రెక్క విరుగుతుంది, రెక్క విరిగితే మనిషిని పిలుస్తారు, ఆ మనిషి చేయి పెట్టి తీస్తాడు. మరల చేయే. నేను లేచి మూడు కుండీల సంగతి చెప్పాను. తరువాత ఆ ఐదు కుట్ల సంగతి చెప్పాను. కుండీల కథకు కొందరు నవ్వారు, రెండవదానికి ఎవరూ నవ్వలేదు. జనరేటరు గది వెనుక ఖాళీస్థలంలో సందులు విడిచి ఇటుకలు పేర్చి మూడు గూళ్ళు కడదామన్నాను. ఒక్కొక్కటి మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అంతే ఎత్తు. అంతకంటే చిన్నదైతే కుప్ప తన వేడిని తాను నిలుపుకోలేదు. ఎండుటాకులకు కొదవలేదు. ప్రహరీ వెంట రెండు బాదంచెట్లు, ఒక వేపచెట్టు. ఆ ఆకులను వాచ్‌మన్ రోజూ ఊడ్చి తగులబెడుతున్నాడు.

పెద్ద యంత్రం కొనుగోలు వాయిదా పడింది. ముప్పై ఇళ్ళలో పదకొండిళ్ళు గూళ్ళకు ఒప్పుకొన్నాయి. తక్కిన పంతొమ్మిది ఇళ్ళవారు వాసన వస్తుందేమోనని ఎదురుచూస్తున్నారు, కొందరు కొంత ఆశతో. ఇంతవరకు రాలేదు. తొక్కలు వేసిన ప్రతిసారీ దానికి రెట్టింపు ఎండుటాకు పైన కప్పాలి, అంతే రహస్యం. మొదట్లో పాలవాడినడిగి బుట్టెడు పేడ తెప్పించి కలిపాము. ఐదవనాడు కుప్పలో ఇనుపచువ్వ గుచ్చి, పది నిమిషాలు ఉంచి, తీసి పట్టుకొన్నాను. చేయి చురుక్కుమన్నది. వయసు మరచి ఇంటికి పరుగున వచ్చి మా ఆవిడకు చెబితే, "మీకు మనుమడు పుట్టినప్పుడుకూడా ఇంత సంబరం లేదండీ" అన్నది.

ఇక అమ్మాయితో చెప్పడం మిగిలింది. ప్రేమతో పంపిన వస్తువు. "అయితే పనికిరాలేదా నాన్నా?" అని అడిగింది. పనికివస్తున్నది, పేరే సరికాదన్నాను. అప్పుడు తానుకూడా అక్కడ ఇటువంటిదే వాడుతున్నాననీ, వచ్చిన పొడిని చలికాలంలో తోటలో వేయలేక సంచీలో కట్టి చెత్తబండికే ఇస్తున్నాననీ చెప్పింది. కరెంటు పెట్టి ఎండబెట్టినది గుట్టకే చేరి, వానకు తడిసి, అక్కడ మరల మీథేను కావడం. పెరటి మూలన ఎండుటాకులతో కలిపి ఒక డబ్బాలో పోయమన్నాను. చలికి నిద్రపోయినా, ఎండలు వచ్చేసరికి లేస్తుంది.

న్యాయంగా చెప్పాలంటే తెల్లపెట్టె గుణాలు తెల్లపెట్టెకున్నాయి. వానాకాలంలో నాలుగు రోజులు బండి రాకపోయినా ఇంట్లో కంపు లేదు, బొద్దింకలు లేవు. కిలో బరువు గుప్పెడు పొడి అయినందున మా ఆవిడ మోకాళ్ళకు నిజంగానే ఉపకారం. రెక్కలు తొక్కలను నలగగొట్టడంవల్ల ఆ పొడి గూటిలో పడి తడిస్తే, ముక్కలకంటే త్వరగా మాగుతుంది. అందుచేత వానల్లో వారానికి రెండు రాత్రులు తిప్పుతున్నాము. వేసవిలో దానికి సెలవు. డాబామీద పాత చీర పరచి తొక్కలు ఎండబెడితే రోహిణికార్తె సూర్యుడు రెండు రోజుల్లో అదే పని చేసిపెడతాడు, బొగ్గు మార్చమని అడగకుండా. పొరుగువారు మొదట వడియాలనుకొని ఆశగా చూశారు.

పెట్టెకు తెలుగు పేరు ఒకటి కావాలి. ఎరువుల పెట్టె అనడానికి నా మనసు ఒప్పదు. ఒరుగుల పెట్టె అంటే మా ఆవిడ ఒరుగులను అవమానించవద్దంటున్నది. ఎండుపెట్టె అందామా అంటే ఏదో గ్రహణంనాటి నిష్ఠురంగా ఉన్నది. మీకు తోచినది చెప్పండి, ఒక్క షరతుమీద: దానిలో మాగడమనే అర్థం రాకూడదు.

మొదటి గూడు నిండి మూసివేసి ఈ ఆదివారానికి తొంభై రోజులు. పైపొర ఇంకా ఆకులవలెనే ఉన్నది. పక్క సందునుండి చూస్తే లోపల నల్లగా కనబడుతున్నది. చెత్తబండి ఆమె పార తానే తెస్తానన్నది. జల్లెడ మేము చూసుకోవాలట. మొదటి బస్తా తనదేనని, తన గుడిసెముందు బీరపాదుకు కావాలని మూడు నెలల క్రితమే చెప్పి ఉంచింది. పదకొండిళ్ళవారూ సరేనన్నారు.